తుల్సీబాయి పోసిన మిర్చి

సోమనర్సయ్య చేతిలో సర్కారు ఇచ్చిన కర్ర ఉంది, నెత్తిన సర్కారు ఇచ్చిన టోపీ ఉంది. తుల్సీబాయి చేతిలో ఉన్నది పొరక మాత్రమే. అయినా ఆ రోజు గెలిచింది ఆమే. నేను పక్కనే కూర్చుని తాలు కాయలు ఏరుతున్నాను కాబట్టి అంతా చూశాను.

మానుకోట నుంచి మా ఊరికి వచ్చే దారిలో, తండా పక్కన, పాత విమానాల మైదానం ఒకటి ఉంది. దాన్ని ఎవరు వేశారో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేనాటికే అక్కడ ఏదీ దిగడం లేదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకటి తాటిచెట్లను తాకేంత కిందికి వచ్చి, ఒక చుట్టు తిరిగి పోయేది. మేము గాలిమోటరు అనేవాళ్ళం. మేకలు చెదిరిపోయేవి. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. మా అత్త మాత్రం చెప్పులు విడిచి దండం పెట్టేది. మిగిలిన రోజుల్లో అది ఎవరికీ అక్కరలేని తారు నేల. మిర్చి ఎండబెట్టడానికి అంత మంచి కల్లం మరెక్కడా దొరకదు.

"ఎత్తెయ్ తుల్సీబాయి, గిది గాలిమోటర్లు దిగే జాగ" అన్నాడు కావలివాడు సోమనర్సయ్య.

"ఎన్నడు దిగింది నాయినా ఆఖరుకు?"

"ఎప్పుడన్న దిగొచ్చు."

"దిగేనాడు నాకొక్క కబురు చెయ్యి. నేనే వచ్చి ఊడ్చి, సాన్పి జల్లి, ముగ్గు గూడ పెడత. గప్పటిదాంక నా కాయకు కావలుండు. ఉత్తగ జీతం తింటే అరగది."

కాయలేరే ఆడవాళ్ళమంతా నవ్వాం. సోమనర్సయ్య టోపీ తీసి తల గోక్కుని, "చేస్త తల్లీ, కబురు చేస్త" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదేళ్ళు ఆమె మిర్చి అక్కడే ఎండింది.

తుల్సీబాయి నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, నన్ను సారక్కా అని పిలిచేది. భర్త మాన్‌సింగ్ బావి తవ్వుతుంటే రాయి పడి చనిపోయాడు. ఉన్న రెండెకరాలను ఆమె ఒక్కతే చేసుకుంది. నాగలి పట్టడానికి మగవాడు దొరకని ఏడు తనే పట్టింది. ఊరు నోరు నొక్కుకుంటే నొక్కుకోనిచ్చింది. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గింజ చప్పుడు విని ఎండిందో లేదో చెప్పేది. ఆమె ఇంకో ఎండ కావాలంటే కావలసిందే. అక్షరం ముక్క మాత్రం రాదు. నేను మూడో తరగతి దాకా చదివాను. ఊళ్ళో, తండాలో ఏ కాగితం వచ్చినా నా గడపకే రావాలి. ఆ గొప్ప నాకు ఉండేది, దాచుకోవడం ఎందుకు?

రాష్ట్రం కోసం బస్సులూ బడులూ అన్నీ బందయిన ఆ పెద్ద సమ్మె తర్వాత వచ్చిన ఎండాకాలం అది. మానుకోటకు రాష్ట్రం వద్దనే ఒక పెద్దమనిషి హెలికాప్టర్‌లో వస్తున్నాడనీ, కాలేజీ మైదానంలో దిగుతాడనీ చెప్పుకున్నారు. పొద్దున్నే పోరగాళ్ళు నల్లజెండాలు పట్టుకుని ఆ మైదానం నిండా కూర్చున్నారు. అధికారులకు దింపే చోటు లేక మా పాత మైదానం గుర్తుకొచ్చింది. సోమనర్సయ్యకే ఎవరూ చెప్పలేదు, ఇక అతను తుల్సీబాయికి ఏం కబురు చేస్తాడు?

జీపు వచ్చింది. "తియ్యుండ్రి, తియ్యుండ్రి, పది నిమిషాలల్ల దిగుతది!" అని పోలీసులు కేకలు పెట్టారు.

"పది నిమిషాలల్ల ఏడొద్దుల కాయ ఎట్ల తీస్తం సారూ? జర ఆగుమనుండ్రి దాన్ని!" అంది తుల్సీబాయి. అంటూనే పరదాలు లాగుతోంది. నేనూ ఒక కొస పట్టుకున్నాను.

ఆగలేదు. హెలికాప్టర్ తాటిచెట్ల మీద నుంచి వచ్చేసింది. తండాకు తండా బయటికొచ్చింది. పిల్లలు చేతులూపుతున్నారు. ముసలివాళ్ళు చెవులు మూసుకుని గోడల చాటుకు పోయారు. నల్లజెండాల పోరగాళ్ళు ఎవరు చెప్తే తెలిసిందో, బండ్ల మీద వచ్చి "జై తెలంగాణ" అంటున్నారు. నోళ్ళు తెరవడమే కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. అది ఇంకా కిందికి దిగింది. దాని గాలికి పరదా నా చేతిలోంచి ఊడిపోయింది. తర్వాత మిర్చి లేచింది. ఎర్రగా, ఇంటి ఎత్తున లేచింది. కాయ పగిలి, గింజ చిట్లి, కారమంతా మనుషుల మీద పడింది. పోలీసులు, పోరగాళ్ళు, మేము అందరం ఒకే తీరుగా దగ్గుతూ, కళ్ళు పట్టుకుని నేల మీద పొర్లాం. హెలికాప్టర్ దిగకుండానే పైకి లేచి వెళ్ళిపోయింది.

కాసేపటికి తేరుకుని పోరగాళ్ళు తుల్సీబాయిని భుజాల మీదికెత్తారు. "మిర్చితోని గాలిమోటరును వాపస్ పంపిన తల్లి!" అని అరిచారు.

"దింపుండ్రి బిడ్డా, నా కాయ పోయింది" అని ఆమె అంటూనే ఉంది. ఎవరూ వినలేదు.

సాయంత్రం మా ఇద్దరినీ ఠాణాకు పిలిచారు. రాసే జవాను కళ్ళు వాచి దవాఖానలో ఉన్నాడు. హెడ్డు విసుక్కుంటూ, "మీల ఎవరికన్న రాయ వస్తదా?" అన్నాడు.

"నాకొస్తది" అన్నాను. కాగితం, పెన్ను నా చేతికిచ్చాడు.

"మిర్చి ఎవరు పోసిండ్రు?"

"నేనే పోసిన సారు. పొద్దుగాల ఎండకు పోసిన. ఏడొద్దులాయె పోయవట్టి" అంది తుల్సీబాయి.

నా కళ్ళు మండుతున్నాయి. ఎక్కువ రాస్తే ఎక్కువ తప్పులు పడతాయని పొట్టిగా రాశాను: గాలిమోటరు దిగే జాగల మిర్చి నేనే పోసిన. ఒక్క కొట్టివేత లేదు. తుల్సీబాయి వేలిముద్ర వేసింది. మిర్చి పోయడం అంటే కల్లంలో ఆరబోయడమే మాకు. మరో అర్థం ఉంటుందని తట్టలేదు.

పోలీసుల కళ్ళల్లో మిర్చి పోసిందని ఆమె మీద కేసు పెట్టారు.

అప్పటి నుంచి వాయిదాలు. పొద్దున్నే సద్ది కట్టుకుని బస్సెక్కడం, కోర్టు వరండాలో గోడకు ఆనుకుని కూర్చోవడం, పేరు పిలిచి ఇంకో తారీకు చెప్పగానే తిరిగి రావడం. బందు రోజుల్లో నడిచి వచ్చాం. ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. ఆ ఏడు మిర్చి వేయలేదు, మరుసటి ఏడూ వేయలేదు. కోతకాలంలో వాయిదా పడితే కాయ ఎవరు తెంపుతారు? ప్రతిసారీ నేను వెంట వెళ్ళాను. తోడుగా వెళ్తున్నందుకు ఊళ్ళో నన్ను మెచ్చుకున్నారు కూడా.

రాష్ట్రం ఇస్తామని ప్రకటించిన తర్వాత వచ్చిన వాయిదాకు, మా వకీలు జైపాల్ వరండాలో ఆ కాగితం చదివి వినిపించాడు. "తుల్సీబాయీ, గింత ఖుల్లంఖుల్ల ఒప్పుకుంటివి. నేనేం జేయాలె? ఎండకని లేదు, పొద్దుగాలని లేదు. పోసిన అని మాత్రం ఉంది."

తుల్సీబాయి నా వైపు తిరిగింది. అలా పొట్టిగా రాసింది నేనే. వకీలు ముందు, బంట్రోతుల ముందు, మా ఊరివాళ్ళు నలుగురి ముందు ఏమని చెప్పను? ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకున్నాను.

బస్టాండులో ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆమె సద్దిమూట విప్పలేదు. మోకాళ్ళు నిమురుకుంది.

"నేను మూడు మాటలు చెప్పిన సారక్కా. నువ్వు ఒక్కటే రాసినవు."

"కండ్లు మండినయే తుల్సీ."

"నాయి గూడ మండినయి. అయినా నేను చెప్పినగద." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది, అంతే. "పోరగాండ్లు నన్ను తల్లి అన్నరు, పోలీసోళ్ళు ముద్దాయి అన్నరు. ఎండబోసిన అంటే ఒక్కలు ఇనలే. నీ మాటయితే ఇంటరు. నువ్వు సదువుకున్నదానివని అందరికి ఎరుకనే."

బస్సు వచ్చి ఆగింది. ఆమె లేవలేదు, నన్ను లేవనివ్వలేదు. కొంగు పట్టుకుంది.

"వచ్చే వాయిదాకు నువ్వు వరండల కూసోవద్దక్కా. లోపటికి రా. జడ్జి సారు ముంగట నిలబడి, గందరు ఇనేటట్టు, 'గా రాత నాది, నాకు రాయ రాదు' అని చెప్పు."