టెలిస్కోపు మూత

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయం ఒక రేకు మూతంత ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

మాది పోచంపల్లి నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన నేత కుటుంబం. నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు. పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన సైన్సు మాస్టారు ఉండేవారు. ఒక వేసవి సెలవుల్లో ఆయన నీళ్ల పైపుతో టెలిస్కోపు చేసి, వీధి పిల్లలను మేడ మీద కూర్చోబెట్టి, ఒక్కో భాగం ఒక్కొక్కరి చేతికిచ్చి వివరించారు. గొట్టం అడుగున ఉండి వెలుగును పోగుచేసే గుండ్రటి పెద్ద అద్దం ఆయన కూతురికి దక్కింది. ఆ వెలుగును పక్కకు తిప్పే చిన్న ఏటవాలు అద్దం ఒకరికి, కన్ను పెట్టి చూసే కటకం ఇంకొకరికి. నాకు మాత్రం గొట్టం మూతికి పెట్టే బిస్కెట్ల డబ్బా మూత.

"మూత లేకపోతే దుమ్ము పడి అద్దం పాడైపోతుందమ్మా. నీదే పెద్ద పని" అన్నారు మాస్టారు. పిల్లలు "మూతపిల్లా" అని నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను చూశాను.

ఆయన భోజనానికి దిగాక, అక్క, అంటే ఆయన కూతురు, అద్దం మసకగా ఉందనీ మెత్తటి గుడ్డ తెమ్మనీ నన్ను పంపింది. మా ఇంట్లో గుడ్డలకు కరువా? పాతది తేవడం నామోషీ అనిపించి, గంజి పోని కొత్త నూలు ముక్క తెచ్చాను. అక్క గట్టిగా రుద్దింది. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది. దీనికి ముందు వైపే ఉంటుందని మాకు తెలియదు. సన్నటి గీతలు పడ్డాయి. అక్క గుడ్డను నా ఒళ్లోకి విసిరేసింది.

మాస్టారు వచ్చి అద్దం చూశారు, నా ఒళ్లో గుడ్డ చూశారు. "గుడ్డ కనబడితే చాలు, చేయి ఊరుకోదా మీకు?" అన్నారు. ఆ 'మీకు'లో మా ఇల్లంతా ఉంది. తుడిచింది అక్క అని చెబితే, తప్పు పక్కవాళ్ల మీదకు తోస్తున్నానన్నారు. అక్క నోరు విప్పలేదు.

సాయంత్రం భాగాలన్నీ గొట్టంలో బిగించి చూస్తే, ఇంకా వెలుతురుండగానే సగం చంద్రుడు కనబడ్డాడు. నా వంతు చివర. గుంటలన్నీ కడిగినట్టున్నాయి, ఒక్క గీత లేదు. "చూశావా? అద్దంలో ప్రతి ముక్కా మొత్తం చంద్రుణ్ణి చూపిస్తుంది. ఏమీ కాలేదు, ఇక మర్చిపో" అని మాస్టారు నా తల నిమిరారు.

"గీత పడ్డ మేర వెలుగు తగ్గదా సార్?"

ఆయన కూతురి వైపు చూశారు. అక్క తల దించుకుంది. "తగ్గుతుంది. కంటికి తెలియనంత" అన్నారు. ఆయనకు అప్పుడే అంతా తెలిసింది. అయినా తప్పు నాది కాదన్న మాట నాతో అనలేదు.

మూత పట్టుకుని ఇంటికి వచ్చేశాను. "పెద్ద సారు, పోనియ్యి బిడ్డా. జర ఇచ్చిరాపో" అని అమ్మ బతిమాలింది. ఇవ్వలేదు. వానాకాలం వచ్చేసరికి ఆ గొట్టం నిండా దుమ్ము, అద్దం నిండా మరకలు. మాస్టారు ఒక్కసారీ మూత అడగలేదు. అడిగితే అందామని దాచుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

మొన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో అక్క కనబడింది. జుట్టంతా నెరిసింది. "నాన్న చంద్రుణ్ణి చూపించారు, గుర్తుందా? ఎంత బాగుండేవే ఆ రోజులు!" అంది.

"ఉందక్కా. అద్దం ఎవరు తుడిచిన్రో యాదికుందా?"

"ఏ అద్దం?" అంది. నిజంగానే గుర్తులేదు.

మూత ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ గీతలు చంద్రుణ్ణి ఏమీ చేయలేదు. ఆయన చెప్పింది నిజమే. చంద్రుణ్ణి లేకుండా చేసింది నా దగ్గరే ఉండిపోయిన ఈ మూత. పెద్ద పని నాకే అప్పగించారని ఆలస్యంగా అర్థమైంది. అయినా తిరిగి ఇవ్వాలని ఇప్పటికీ లేదు.