మోటారు లేని రొయ్యల తొట్టి

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఒక డాక్టరుగారు ఒంటరిగా ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. గుంటూరు నుంచి కుర్రతనంలోనే వచ్చి, ముప్ఫై ఏళ్ళు పసిపిల్లలకు వైద్యం చేసి రిటైరయ్యారు. మేము ఆయన్ని కలిసేనాటికి చూపు మధ్యలో మచ్చ పడింది. ఎదుటి మనిషి చెవులు, భుజాలు కనిపిస్తాయట, ముఖం ఉండాల్సిన చోట మాత్రం మసక. ఆ సంగతి ఆయన నవ్వుతూ చెప్పేవారు, వినేవాళ్ళకి నవ్వు వచ్చేది కాదు.

ఆయన వంటింటి బల్ల మీద ఒక గాజు తొట్టి ఉండేది. మన నీళ్ళ బకెట్ కంటే కాస్త పెద్దది, అంతే. అందులో నాచు, నాలుగు మొక్కలు, నత్తలు, చిటికెన వేలి గోరంత ఎర్ర రొయ్యలు. మొదటిసారి భోజనానికి పిలిచినప్పుడు నా కళ్ళు మోటారు కోసం వెతికాయి. బుడగలు లేవు, గొట్టాలు లేవు, చప్పుడు లేదు.

"ఫిల్టర్ ఏదండీ అంకుల్?" అన్నాను.

"లేదమ్మా. రొయ్యల మురికిని మొక్కలు తింటాయి, మొక్కల మీద పట్టిన పాచిని రొయ్యలు తింటాయి. మన డ్యూటీ ఒక్కటే, చెయ్యి పెట్టకుండా ఉండడం."

నాకు అదొక్కటే చేతకాని పని. ఏలూరులో ఎనిమిదేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ నాది డిపెండెంట్ వీసా, భర్త వెంట అలా వచ్చినవాళ్ళకు ఆ రోజుల్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. పార్టీల్లో ప్రతి ఒక్కరూ "మరి రోజంతా ఇంట్లో ఏం చేస్తారండీ?" అని అడిగేవారు. ఒళ్ళు మండేది. "పప్పు రుబ్బుతానండీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా" అని చెప్పేదాన్ని. కొందరు నమ్మేవారు కూడా.

ఆ వేసవిలో డాక్టరుగారు కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. నన్ను పిలిపించారు.

"వీటిని ఫ్లైట్‌లో తీసుకెళ్ళలేను. తీసుకెళ్ళినా నాకు కనబడవు. నువ్వు ఉంచుకుంటావా? ఒకటే కండిషన్. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. ఏం చేస్తున్నాయో చూసి చెప్పాలి."

సరేనన్నాను. కానీ రొయ్యలు వెంటనే ఇవ్వలేదు. ముందు నాచేత కొత్త తొట్టి పెట్టించారు. అడుగున తోట మట్టి, దాని మీద గులకరాళ్ళు, రాళ్ళ మధ్య మొక్కలు. కుళాయి నీళ్ళు ప్లాస్టిక్ బకెట్‌లో మూత లేకుండా ఒక రోజు ఉంచి, క్లోరిన్ వాసన పోయాక పొయ్యాలి. ఆ తర్వాత నెల రోజులు ఏమీ చేయకూడదు. నీళ్ళు మొదట టీ రంగుకు తిరిగాయి, తర్వాత బియ్యం కడుగు నీళ్ళలా తెల్లబడ్డాయి. కంపు కొడుతుందేమోనని మొత్తం పారబోసి, గిన్నెల సబ్బుతో తోమి మళ్ళీ మొదలుపెడదామని బయల్దేరాను. మావారు ముందే డాక్టరుగారికి ఫోన్ కలిపి నా చెవికి ఆనించారు. "ఆ మురికే దాని ప్రాణం. ముట్టుకోకు" అన్నారాయన. మూడోవారంలో ఒక పొద్దున లేచి చూస్తే నీళ్ళు లేనట్టే ఉన్నాయి. అంత తేరుకున్నాయి. ఎవరూ తేర్చలేదు. తొట్టి ముందు నిలబడిపోయాను, స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

ఆయన వెళ్ళే ముందురోజు పదిహేను రొయ్యల్ని, ఆరు నత్తల్ని పెరుగు డబ్బాలో పోసుకుని తెచ్చాను. మావారు తొంగి చూసి, "పులుసుకి ఇంకో వెయ్యి కావాలి" అన్నారు. ఆ పూట ఆయనకు చారన్నమే పెట్టాను.

రొయ్యకు పంతొమ్మిది జతల ఉపాంగాలు. ఎనిమిదేళ్ళు ఆ మాట చెప్పాను, బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ గీశాను, ఫార్మలిన్ సీసాలో తెల్లగా ఉడికినట్టున్న రొయ్యను చూపించాను. బతికున్న రొయ్య ఆ జతలన్నిటినీ ఒకేసారి ఆడించడం మాత్రం ఎన్నడూ చూడలేదు. ముందు కాళ్ళ చివర్న ఉన్న బుల్లి పట్టకార్లు ఆకు మీద పాచిని గిల్లి నోటికి అందిస్తుంటే, నోటి దగ్గర కాళ్ళు దాన్ని తిప్పి చూస్తాయి, నడిచే కాళ్ళు తమ దారిన తాము నడుస్తాయి, పొట్ట కింది కాళ్ళు విసనకర్రల్లా ఊగుతాయి. ఒకదాని పని ఒకటి చెడగొట్టదు. వీపు లోంచి వెలుతురు పారుతుంది. తిన్నది లోపలికి దిగడం కూడా కనిపిస్తుంది. నేను పాఠం చెప్పిన ప్రాణి ఇదేనా అని సిగ్గేసింది. పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా మాత్రమే దాన్ని ఎరుగుదును.

ఒకరోజు అడుగున ఒక రొయ్య కదలకుండా పడుంది. చచ్చిందనుకున్నాను. చెంచాతో తీస్తే ఒట్టి డొల్ల. కుబుసం. మీసాలు, కాళ్ళు, కళ్ళ మీది పొర, దేన్నీ వదలకుండా మొత్తం చొక్కా విప్పినట్టు విప్పి వెళ్ళిపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చేది. కార్డ్‌లెస్ పట్టుకుని తొట్టి ముందు కుర్చీ వేసుకునేదాన్ని. "పెద్దది ఒకటుండాలి, మీసం విరిగింది. ఎక్కడుంది?" అనేవారు. "ఇందాక ఉందండీ. ఇప్పుడు కనబడట్లేదు." "పోనీ నత్తలు?" "రెండే కనిపిస్తున్నాయి అంకుల్, మిగతావి ఏమయ్యాయో." ఇలాగే సాగేవి మా కబుర్లు. నేను వెతుకుతున్నంతసేపూ ఆయన ఓపిగ్గా ఆగేవారు.

చలికాలం మొదట్లో మూడు రొయ్యలకు పొట్ట కింద గుడ్లు కనిపించాయి. పచ్చని ఆవగింజల గుత్తి. తల్లి వాటిని కాళ్ళతో విసురుతూ, ఒక్కొక్కటే తిప్పి శుభ్రం చేసుకుంటూ ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు మన ఇళ్ళలో ఏం చేస్తాం? ఉన్నదాంట్లో మంచిది పెడతాం. నేనూ అదే చేశాను. పెళ్ళిలో ఇచ్చిన చిన్న రాగి బిందెను చీరల మధ్య చుట్టి అమెరికా తెచ్చుకున్నాను. రాగి బిందెలో ఒక రాత్రి నిలవున్న నీళ్ళంత మంచి నీళ్ళు లేవని మా ఇంట్లో నమ్మకం. ప్లాస్టిక్ బకెట్ పక్కన పడేసి, బిందెను చింతపండుతో తళతళా తోమి, నీళ్ళు పట్టి నిలవ ఉంచాను. తొట్టిలో సగం నీళ్ళు తీసేసి ఆ నీళ్ళు పోశాను.

మర్నాడు పొద్దుటికి రొయ్యలు పక్కకు ఒరిగి కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి చాలావరకు ఆగిపోయాయి. నత్తలు చిప్పల్లోకి ముడుచుకున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని పెంపుడు చేపలమ్మే షాపుకి పరిగెత్తాను. అక్కడి అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో రాగి గానీ కలిసిందా అని.

రొయ్య రక్తంలో ఇనుము ఉండదు, రాగి ఉంటుంది, అందుకే నీలంగా ఉంటుందని నేనే పాఠం చెప్పాను. ఆ రాగి కొలత మించితే దానికి విషమని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, సిలబస్‌లో లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మళ్ళీ ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు నిలవబెట్టాను. చచ్చిన రొయ్యల్ని ఏరితే పద్నాలుగు. చచ్చినవాటిని లెక్కపెట్టడం సులువు, ఒక్కటీ కదలదు. నాచు అడుగున ఒక తల్లి రొయ్య మిగిలింది. సగం గుడ్లు రాల్చేసుకుంది. దాన్ని పాయసం గిన్నెలో మంచినీళ్ళలోకి మార్చి, తొట్టి నీళ్ళన్నీ రోజు విడిచి రోజు మార్చి, వారం తర్వాత తిరిగి వదిలాను.

ఈ లోపల ఆదివారం వచ్చింది. ఫోన్ మోగింది. "ఎలా ఉన్నాయమ్మా?" అన్నారు. ఆయనకు కనిపించేదల్లా నా మాటే. ఆ మాట అబద్ధమైతే ఇక ఆయనకేమీ లేదు. అది తెలిసీ, "బాగున్నాయి అంకుల్" అన్నాను. ఖాళీ తొట్టి ముందు కూర్చుని అన్నీ చెప్పాను. పెద్దది రాయి మీద ఉందన్నాను. మూడు తల్లులూ ఆకు మీద వరసగా కూర్చున్నాయన్నాను. తర్వాతి ఆదివారం కూడా అంతే. నత్తలు ఆరింటికి ఆరూ లెక్క చెప్పాను.

మూడో ఆదివారం ఆయన అడగకముందే చెప్పేశాను. "అంకుల్, పద్నాలుగు పోయాయి. నేనే చంపాను. రాగి బిందె నీళ్ళు పోశాను. రెండు వారాలుగా మీతో చెప్పిందంతా అబద్ధం."



"తెలుసమ్మా" అన్నారు.

"ఎలా తెలుసండీ?"

"నువ్వు నిజంగా చూస్తున్నన్నాళ్ళూ సగం 'కనబడట్లేదు' అనేదానివి. ఈ రెండు వారాలూ అడిగినవన్నీ కనబడ్డాయి. బతికున్నవి అంత వినయంగా ఉండవు."

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, "ఇప్పుడేం ఉందో అది చెప్పు" అన్నారు. ఒక్కటే ఉందన్నాను. గుడ్లు ఓ పది ఉంటాయేమో, సరిగ్గా తెలియట్లేదన్నాను. ఒక్కొక్క గుడ్డులో రెండు నల్ల చుక్కలు ఉన్నట్టున్నాయని చెప్పాను. "అవి కళ్ళు" అన్నారు.

ఆ తర్వాతి బుధవారం పొద్దున తల్లి పొట్ట కింద గుడ్లు లేవు. మళ్ళీ రాల్చేసుకుందనే అనుకున్నాను. గాజుకు ముక్కు ఆనించి అడుగంతా వెతికాను. ఏమీ లేదు. లేవబోతుంటే నాచు పోగు మీద ఒక పోగు నడిచింది. కనుబొమ వెంట్రుక ముక్కంత ఉంది. గాజు లాంటి ఒళ్ళు, రెండు చుక్కల కళ్ళు. అది ముందు కాళ్ళతో పాచిని గిల్లి నోట్లో పెట్టుకుంటోంది. పుట్టి ఒక రాత్రి కూడా సరిగ్గా కాలేదు, ఎవరూ నేర్పలేదు. నాకు చేతులు జోడించాలనిపించింది, జోడించాను కూడా.

ఆదివారం దాకా ఆగలేదు. కాలిఫోర్నియాలో అప్పటికి ఇంకా ఆరు కూడా కాలేదు. అయినా చేశాను. నిద్ర గొంతుతోనే అడిగారు, "ఎన్నున్నాయమ్మా?"

"తెలియట్లేదు అంకుల్. మూడు చూశాను. ఒకటి మాయమైంది. ఇప్పుడు ఒక్కటే కనబడుతోంది."

అవతల ఆయన లేచి కూర్చున్న చప్పుడైంది.

"ఆ ఒక్కదాని గురించి చెప్పు" అన్నారు.