తాత గడియారం వెండి డిప్ప

పావగడ బస్టాండు వెనక గడియారాలు బాగుచేసే ముసలాయన, కంటికి భూతద్దం బిగించుకుని, మా తాత జేబు గడియారం యంత్రాన్ని పెట్రోలు గిన్నెలో ముంచి కుంచెతో తోముతుంటే, ఆ ఘాటైన వాసన మధ్య, పళ్లచక్రాల సందులోంచి సన్నటి గడ్డిపోచ ఒకటి పైకి తేలింది.

"ఇదేందప్పా, గడియారంలో పేడ ఉండాది?" అని నవ్వాడాయన. "మిషను బాగానే ఉండాది. దీని కేసు యాడ పోయె?"

ఎక్కడో పోయిందన్నాను. నలభై ఏళ్లుగా నేను మోస్తూ వచ్చిన అబద్ధమే అది.

మాది మంగళవాడ. శెనక్కాయ పీకే రోజుల్లో ఇల్లంతా పచ్చికాయల మట్టివాసన, పొయ్యి మీద ఉప్పేసి ఉడికే కాయల ఆవిరి, వసారాలో కాయలు విడదీస్తూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునే కూలీల గోల. వాటన్నిటి మధ్య తాత ప్రతి ఉదయం రాగిసంగటికి కూర్చోబోయే ముందు రొండిలోంచి ఆ గడియారం తీసి, చావి ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేవాడు. ఆ చప్పుడు లోపల ఎక్కడినుంచి వస్తుందో చూడాలని పదేళ్ల వయసులో నాకు పిచ్చి పట్టింది. ఒక మధ్యాహ్నం తాత కునుకు తీస్తుండగా గడియారం పట్టుకుపోయి, గడ్డివామి చాటున కొడవలి మొనతో వెనక మూత పెకలించాను. యంత్రం క్షేమంగా ఊడివచ్చింది. దాన్ని పట్టి ఉంచే వెండి డిప్ప మాత్రం వంకర తిరిగిపోయింది, ఎంత నొక్కినా మళ్లీ పట్టలేదు. భయంతో డిప్పను చేని పాడుబావిలో విసిరేసి, యంత్రాన్ని అటక మీద దాచాను.

ఇంట్లో వస్తువు పోతే మా వాళ్లు ఎవరినీ నిలదీసేవారు కాదు. ఇంటివాళ్లకూ పనివాళ్లకూ తలా ఒక పేడముద్ద ఇచ్చేవారు. ఒక్కొక్కరే చీకటి గదిలోకి వెళ్లి దాన్ని బుట్టలో వేసి రావాలి. తీసినవాళ్లు వస్తువును ముద్దలో పెట్టి వేస్తే చాలు, ఎవరని అడగరు. మరునాడు పదకొండుమందిమి వేశాం. అటక మీది యంత్రాన్ని నేను నా ముద్దలో కూరి వేశాను. మేనత్త ముద్దలన్నీ నీళ్లలో పిసికితే నాది విచ్చుకుని యంత్రం బయటపడింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. డిప్ప లేకుండా యంత్రం ఒక్కటే తిరిగొస్తే పెద్దవాళ్లు ఏమనుకుంటారో నా బుర్రకు తట్టలేదు.

"మిషను ఇచ్చి వెండి మింగినాడు, చూడండప్పా తెలివి!" అంది అత్త.

ఆ వారమే మా జీతగాడు నింగప్ప కూతురి కాళ్లకు కొత్త వెండి కడియాలు వచ్చాయి. ముద్దలు వేయించాక అడగడం తప్పు గనక తాత ఏమీ అడగలేదు. ఎవరూ అడగలేదు గనక, అవి పాపకు అమ్మమ్మ పెట్టినవని చెప్పుకునే దారి కూడా నింగప్పకు లేకపోయింది. "రేపట్నుంచి పనికి రావద్దులేప్పా" అని మాత్రం అన్నాడు తాత. నేనక్కడే నిలబడి ఉడికిన కాయలు ఒలుచుకుంటున్నాను. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ పని ఇవ్వక, నింగప్ప పెళ్లాంబిడ్డలతో నిడుగల్లు పోయి గొర్రెలు కాచుకున్నాడు.

నాన్న పోయాక యంత్రం నా చేతికొచ్చింది. దానికి తగిన డిప్ప కోసం పావగడ ముసలాయన దగ్గరికి మూడుసార్లు తిరిగాను. వెండివన్నీ కరిగించేశారప్పా అంటూ ఆయన రేకుడబ్బాలన్నీ వెతికి, చావి రంధ్రం కుదిరే స్టీలు డిప్ప ఒకటి పట్టాడు. యంత్రం కదలకుండా చుట్టూ ఇత్తడి వలయం వేసి బిగించాడు. దాన్ని తీసుకుని నిడుగల్లు వెళ్లి, నింగప్ప చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చాడు.

"నేను తియ్యలేదని నాకు తెలుసు గదప్పా. నాకెందుకు చెప్తావు? ఆ పొద్దు ముద్దలేసినోళ్లకు చెప్పు."

వాళ్లలో మేమిద్దరం కాక ఇంకా బతికున్నది అత్త ఒక్కతే. పావగడలో కూతురి దగ్గర ఉంటోంది. అక్కడికి వెళ్తూ దారిలో మా చేను చూశాను. పాడుబావి పూడ్చేశారు. శెనక్కాయ పీకిన నేలంతా సోలారు పలకలే. పశువులు లేవు, పేడ లేదు, ముద్దలు వేయించే ఇల్లూ లేదు.

అత్త నేను చెప్పిందంతా ఓపికగా విన్నది.

"ఊరుకోప్పా. తీసింది వాడే. నువ్వప్పుడు పిల్లోనివి, నీకేం తెలుసు?" అంటూ కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టింది.