టైపులో నత్తి లేదు

మొన్న ఆదివారం బాపట్లలో మా హాస్టల్ కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటుంటే, పదో తరగతి గ్రూపులో మెసేజ్ వచ్చింది. రేపల్లెలో మాకు లెక్కలు చెప్పిన మేడం తెనాలిలో తన ఇంట్లో కన్నుమూశారట. సబ్బు చేతులతోనే మళ్లీ మళ్లీ చదివాను. నమ్మబుద్ధి కాలేదు. రిటైరయ్యాక కూడా ఆ గ్రూపులో మాకు లెక్కలు పెడుతూనే ఉన్నారు. జవాబు ఆలస్యమైతే "నిద్రపోయారా నాయనా?" అని దెప్పేవారు.

ఆవిడ రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేవారు. సుద్దపొడి పడేది కాదు, ఒకటే తుమ్ములు. అవి తగ్గేదాకా లెక్క బోర్డు మీద సగంలో ఉండేది, మేం హాయిగా కబుర్లాడుకునేవాళ్లం.

నాకు నత్తి. ఇప్పటికీ ఉంది, "మ" దగ్గర మరీను. జవాబులో మైనస్ ఉందంటే ప్రాణం మీదికొచ్చేది. తెలిసి కూడా "తెలీదండి" అని కూర్చునేవాణ్ణి. అలా క్లాసులో మొద్దునని పేరు పడిపోయింది. పదయ్యాక చదువు మాన్పించి మా కొట్లో కూర్చోబెడతానని నాన్న కూడా అనేశారు.

కరోనాకి బడి మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. నాన్న ఫోను పట్టుకుని డాబా ఎక్కేవాణ్ణి. మేడం లెక్క చెప్పడం పూర్తికాకముందే చాట్‌లో నా జవాబు పడేది. "ఎవర్రా ఈ పిడుగు?" అన్నారు మొదటిరోజు. టైపులో నత్తి లేదు. ఆ కొన్ని నెలలూ రాజాలా బతికాను.

బడి తెరిచారు, నా నోరు మళ్లీ మూతబడింది. మేడం అది గమనించినట్టున్నారు. ఒకరోజు తన ట్యాబ్ తెచ్చి గోడమీది స్క్రీనుకి కలిపారు. ట్యాబ్ బెంచీల మీదుగా తిరుగుతుంది, ఒకడు మొదలెట్టిన లెక్కని పక్కవాడు అందుకోవాలి.

"ఒకే గదిలో ఉండి టైపు చెయ్యడమేంటండి?" అన్నాడు మా లీడరు.

"ఈ పూట నోటికి సెలవు నాయనా" అన్నారావిడ.

హెడ్మాస్టరుగారు తొంగిచూసి, "ఆటలాడిస్తున్నారేంటండి?" అన్నారు. "అవునండి, లెక్కలాట" అని మేడం నవ్వేశారు. ఎవరి కోసమో నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ నాతో కూడా ఆ మాట అనలేదు.

కొన్నాళ్లకి నేను రాసినదాంట్లో ఒక మెట్టు తప్పింది. "ఇలా ఎందుకు రాశావో చెప్పు నాయనా" అన్నారు. లేచాను, మాట రాలేదు. "తొందరేం లేదు, నా బండికి ఇంకా టైముంది" అన్నారు. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట బయటపడింది. ఆరోజు చాలాసేపు పట్టినా మొత్తం నోటితోనే చెప్పాను. తర్వాత ఆవిడ నాన్నతో ఏం మాట్లాడారో తెలీదు గానీ, కొట్టు ఊసు మళ్లీ రాలేదు. ఇప్పుడు లెక్కల టీచరునవుదామని బి.ఎడ్ చదువుతున్నాను.

నిన్న తెనాలి చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. శిష్యులెవరైనా రెండు మాటలు చెప్పమని పాస్టరుగారు మైకు చాపితే, నేనే లేచాను. మొదటి మాటే "మ" దగ్గర ఇరుక్కుంది. ఎవరూ మాట అందించలేదు, అందరూ ఆగారు. చివరికి "మేడం" అన్నాను. వచ్చేసింది కదా, ఇక తర్వాతి మాటకి వెళ్లొచ్చు. వెళ్లబుద్ధి కాలేదు. "మేడం" అని ఇంకోసారి అన్నాను, మరోసారి అన్నాను. తడబడి కాదు, పిలవాలనిపించి.