గ్రహాంతర సైన్యం కోసం చంద్రపూర్ కోటగోడకు

నేను వరంగల్‌లో ఉంటాను. తీరిక దొరికినప్పుడల్లా ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తుంటాను. దానికి మొదటి శ్రోత మా చిన్నాన్న కూతురు లావణ్య. చిన్నాన్న బొగ్గు గనిలో ఉద్యోగానికని చంద్రపూర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. మరాఠీ బడిలో చదువుకున్న లావణ్య తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. అందుకే ప్రతి అధ్యాయాన్నీ నేనే చదివి వాయిస్ మెసేజ్‌గా పంపుతాను. కథలో శత్రుసేన ఒక గ్రహం మీద దిగి కోటను ముట్టడించగానే ఆమె వినడం మానేసింది. ఎందుకని ఫోన్ చేశాను.

"నీ ఫౌజు బోర్ కొడుతుందక్కా. వాళ్లు మనుషులా, డబ్బాలా? ఎవనికీ భయం లేదు, ఆకలి లేదు. వాళ్లు గెలిస్తే ఏంది, ఓడితే ఏంది?"

నిజానికి ఆ సేనను చాలా కష్టపడి తయారుచేశాను. డాలుకు డాలు ఆనించి కదిలే పద్ధతి పాత రోమన్ దళాలది, శిరస్త్రాణాలు ప్రపంచయుద్ధాల ఫొటోల్లోవి. ఇలాంటి కథలు రాసేవాళ్లు చాలామంది చేసే పనే ఇది. ఏ నక్షత్రం దగ్గర పోరాడే సైన్యానికైనా మూలం భూమ్మీద పోరాడిన సైన్యమే. కానీ నేను చూసినవన్నీ బొమ్మలు. "మా ఊర్ల అసలు కిల్లానే ఉన్నది, వచ్చి చూడరాదు" అంది లావణ్య. ఉన్న ఒక్క శ్రోతా పోతే నవల కూడా ఆగిపోతుందని అర్థమై బయల్దేరాను.

డిసెంబరు కనుక ఎండ భయం లేదు. కాజీపేటలో తెల్లవారకముందే రైలెక్కితే సుమారు నాలుగు గంటల్లో బల్లార్షా చేరవచ్చు. స్లీపర్ టికెట్ రెండు మూడు వందల మధ్య ఉంటుంది. మహారాష్ట్రలోని విరూర్ స్టేషన్ దాటాక మా పెట్టెలో తెలుగు మాటల మధ్య మరాఠీ వినిపించసాగింది. బల్లార్షా నుంచి చంద్రపూర్‌కు ఆటోలో అరగంట. తను పనిచేసే బ్యాంకులో సెలవు పెట్టిన లావణ్య, తెలిసిన ఆటో డ్రైవర్ పోశెట్టిని వెంటబెట్టుకుని స్టేషన్‌కే వచ్చింది. ఆయన రాజురా వైపు రైతు కుటుంబం మనిషి, ఇంట్లో తెలుగే. పూటంతా తిప్పడానికి ఆరు వందలు అడిగాడు. దారిలో ఆపి తర్రీ పోహా తినిపించారు. అటుకుల మీద కారం కారంగా శనగల పులుసు పోసి ఇస్తారు. ముక్కు కారినా ఇంకో ప్లేటు తిన్నాను.

ముందుగా కోట ద్వారాల్లో ఒకటైన జట్‌పురా దర్వాజా చూశాం. ట్రాఫిక్ మధ్యలో ఆటో పక్కకు తీసి పోశెట్టి వేలితో చూపించాడు. "గా సింహం కింద ఏనుగు కనబడ్తుందా మేడం? గోండు రాజుల నిషానీ గది." అక్కడి నుంచి కోటగోడ ఎక్కడానికి మెట్లున్న చోటికి తీసుకెళ్లాడు. గోడ మీద, బురుజుల్లో, సన్నటి కంతలు వరసగా ఉన్నాయి. వాటిలోంచే ఒకప్పుడు కింది శత్రువును గురిచూసి కొట్టేవారు.

"నేను పైన ఉంట. నువ్వు దుశ్మన్. బయటికెళ్లి నాకు కనబడకుండ గోడ దాక రా, చూస్త" అంది లావణ్య.

మెట్లు దిగి గోడ అవతలి పొదల్లోకి వెళ్లాను. "ఒక్కలే ఏం కొట్లాడుతరు, నేను గూడ మీ దిక్కే" అంటూ పోశెట్టి నా సైన్యంలో చేరాడు. నాలుగడుగులు వేశామో లేదో పైనుంచి గొంతు వినిపించింది.

"అక్కా, ఎర్ర చున్నీ. చచ్చినవ్. పోశెట్టన్నా, తుమ్మచెట్టెనుక. నువ్వు గూడ."

నవ్వుకుంటూనే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పైనుంచి మాట రాలేదు. తలెత్తి చూస్తే అన్నీ ఒకేలాంటి నల్లటి కంతలు. ఆమె ఏ కంత వెనక ఉందో, అసలు ఉందో లేదో తెలియడం లేదు. చేతిలో ముల్లు దిగింది, అయినా తీసుకోవడానికి కదల్లేదు. ఎత్తుకుని ఆడించిన చెల్లెలే అక్కడుందని తెలిసినా నేలను కరుచుకునే ఉండిపోయాను.

తర్వాత స్థానాలు మార్చుకున్నాం. కంతలోంచి చూస్తే లావణ్య మొహం కనిపించలేదు. ఆకుల మధ్య ఒక భుజం, ఒక చెయ్యి కదిలాయి, అంతే. అది లావణ్యో పోశెట్టో కూడా పోల్చుకోలేకపోయాను. నా శత్రువులు డబ్బాల్లా ఎందుకున్నారో అప్పుడు తెలిసింది. వాళ్లందరినీ నేను గోడ మీద నిలబడే రాశాను.

ముగ్గురం బురుజు నీడలో కూర్చున్నాక కొత్త అధ్యాయం నోటితోనే మొదలుపెట్టాను. ఒక శత్రు సైనికుడు, తిండి తిని రెండు పూటలైనవాడు, చేతిలో ముల్లుతో గోడ కింద బోర్లా పడుకుని ఉన్నాడు. పైనున్న కంతల్లో ఏది తనను చూస్తోందో వాడికి తెలియదు. లావణ్య ఫోన్ పక్కన పెట్టేసింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"గాయన బతుకుతడా మేడం?" అన్నాడు పోశెట్టి.

"ఆగన్నా, అక్కను చెప్పనీ" అంది లావణ్య.

ఊహాలోకపు సైన్యాలకు ఆయుధాలు, యూనిఫాంలు ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటిని వేసుకున్నవాడి భయం మాత్రం గోడకు ఆ పక్కన కాసేపు నక్కి చూస్తేనే నాకు దొరికింది. కథ సగంలో ఆపి నేను వరంగల్ చేరాక లావణ్య నుంచి వరసగా మూడు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి, మూడూ ఆ సైనికుడి సంగతేంటనే. మీరు వెళ్లేటట్టయితే చలికాలంలో, పొద్దున్నే, నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్లండి. గోడ బయటి ముళ్లు ఏ సైన్యాన్నీ వదలవు.