అట్లకాడతో తెరిచిన తలుపు

ఏ తలుపు మూసినా బయటినుంచి ఒకసారి తోసి చూడడం మా అత్తగారి అలవాటు. 1968 వేసవిలో ఒక మధ్యాహ్నం అరసవల్లిలో మా ఇంటి తలుపుకు నేను లోపల గెడ వేసుకుని నిద్రపోయాను. ఎంత పిలిచినా లేవకపోతే ఆవిడ పెరటి వంటపాకలోని అట్లకాడను తలుపు సందులో దూర్చి, గెడ ఎత్తి లోపలికి వచ్చారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“నాను తీసినానంటే దొంగోడూ తీస్తాడే. ఈదిలో గెడలన్నీ ఒక్క వడ్రంగే సేసినాడు. అన్నీ బాగయ్యేదాకా ఎవులికీ సెప్పకు.”

వడ్రంగిని వెంటబెట్టుకుని, గెడ పైకి లేవకుండా, లోపలినుంచి మాత్రమే తీయగలిగే చీల ఇంటింటా పెట్టించారు. మగదిక్కు లేని ఇళ్లు ముందు, మాది ఆఖరు. అంతవరకూ రాత్రిళ్లు లోపల మా తలుపుకే వీపు ఆనించి పడుకున్నారు.

మాకూ చీల పడ్డాక, బయట నిలబడి అట్లకాడతో ప్రయత్నించారు. గెడ కదల్లేదు.

“ఒసే, ఇంక నాను బయటుండిపోతే నువ్వే లెగిసి తియ్యాల,” అన్నారు.

ఆ తర్వాత ఆవిడ బయటికెళితే, తిరిగి ఇల్లు చేరేదాకా నేనెన్నడూ కునుకు తీయలేదు.