పక్కింటి అక్క దొరువు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నీళ్ళకు బావి లేదు, కాలువ లేదు. ఉన్నవన్నీ దొరువులే. బాపట్ల నుంచి సముద్రం వైపు వెళ్తుంటే నల్లరేగడి పొలాలు అయిపోయి తెల్లటి ఇసుక మొదలయ్యే చోట మా ఊరు. ఆ ఇసుకలో ఒక మనిషి దిగి నిలబడేంత గొయ్యి తీస్తే తియ్యటి నీళ్ళు ఊరేవి. దాన్నే దొరువు అంటారు. దానికి వరలు ఉండవు, గిలక ఉండదు. పక్క నుంచి వాలుగా దారి ఉంటుంది. దిగి కడవ ముంచుకుని ఎక్కి రావడమే. నందివెలుగు నుంచి మా పెద్దమ్మ వచ్చినప్పుడల్లా, "ఇదేం బావే, కోడి కెలికిన గుంటలా ఉంది" అని నవ్వేది. ఆవిడ ఇంటి ముందు నుంచే కృష్ణ నీళ్ళ కాలువ పారేది. ఆవిడకేం తెలుసు.

వంటకు, తాగడానికి, పూల మళ్ళకు అన్నిటికీ ఆ దొరువుల నీళ్ళే. మా ఊరంతా కనకాంబరాలు వేసేవారు. చీకటుండగానే పూలు కోసి, మాలలు కట్టి, తెనాలి వెళ్ళే రైలుకు అందించేవారు. పొద్దెక్కాక మగవాళ్ళు కావడికి రెండు కడవలు తగిలించుకుని మడి వెంట నడుస్తూ మొక్కమొక్కకీ నీళ్ళు పోసేవారు. మేము పిల్లలం చిన్న కడవలతో వెనక తిరిగేవాళ్ళం.

మా ఇసుక కింద నీళ్ళు పాల మీద మీగడలాంటివని మా నాయనమ్మ చెప్పేది. పైన పలచగా తియ్యటి నీళ్ళు, వాటి కింద అంతా సముద్రమే. మెల్లగా తీసుకుంటే వానాకాలం దాకా తియ్యగానే ఊరుతాయి. ఆశపడి లోతుకు పోతే కింద ఉన్నది పైకి వస్తుంది, అదీ సముద్రం వైపున్న దొరువులోకే ముందు వస్తుంది. అందుకే దొరువు తీసేటప్పుడు మోకాలి లోతు నీళ్ళు కనబడగానే పార పక్కన పెట్టాలని మా ఊరి కట్టుబాటు. ఎవరూ రాసిపెట్టింది కాదు. రాస్తే చదివేవాళ్ళు కూడా అప్పట్లో మా ఊళ్ళో తక్కువే.

ఏటా ఎండలు ముదిరే ముందు దక్షిణపు గాలి లేచి దొరువులను సగం దాకా ఇసుకతో పూడ్చేసేది. అప్పుడు ఒక రోజు అనుకుని ఊరంతా కలిసి పూడిక తీసేవారు. ఇంటికి ఒక మనిషి రావాలి. పార, తట్ట ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. నాది, నీది అని లేకుండా ఊరి లోపలి నుంచి సముద్రం వైపుకు వరసగా అన్నీ తీసుకుంటూ పోవడమే. కూలి అనే మాటే లేదు. ఆ మధ్యాహ్నం అందరికీ అన్నం పెట్టే వంతు మాత్రం ఏడాదికొక ఇంటిది. నేను చెప్పబోయే ఏడు ఆ వంతు మాది.

మా మళ్ళకు సముద్రం వైపున ఉన్న మడి పక్కింటి అక్కది. పెళ్ళయిన కొద్దికాలానికే ఆమె భర్త పోయాడు. వేటపాలెం నుంచి అన్నలు బండి కట్టుకుని వచ్చి తమతో రమ్మన్నారు. ఆమె రానంది. నా ఇంట్లో నేనుంటాను, నా మడి నేను చేసుకుంటాను అంది. సరే, ఒక్క పంట చూద్దాం, నిలబడితే నీ ఇష్టం, లేకపోతే మా మాట వినాలి అని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. అందుకని ఆ ఏడు ఆమెకు కనకాంబరాలంటే పూలు కాదు. ఇంటి తాళంచెవి తన కొంగున ఉండాలంటే ఆ మొక్కలు బతకాలి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకు కూడా తెలుసు.

ఆమె మనిషి సన్నం, నోరు పెద్దది. నేను కడవ చంకనెత్తుకుని వెళ్తుంటే గట్టు మీద నుంచే, "ఏమే, కడవని నువ్వు మోస్తున్నావా, కడవే నిన్ను మోస్తోందా?" అని కేకేసేది. మగవాళ్ళతో సమానంగా కావడి మోసేది. ఎవరైనా జాలిగా చూస్తే, "ఏంటండీ చూస్తారు, ఖాళీగా ఉంటే ఇంకో కడవ ఎత్తండి" అనేది.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. మా నాన్న అప్పటికే కొత్తగా ఇంకో మడి వేసి ఉన్నాడు. మా దొరువులో ఊరే నీళ్ళు దానికి చాలడం లేదు. ఒక రోజు పొద్దున నేను దొరువులోకి దిగుతుంటే దారి పొడుగైనట్టు అనిపించింది. దిగువన కొత్తగా తాటిమొద్దు ఒకటి మెట్టులా వేసి ఉంది. నీళ్ళు మాత్రం నా నడుము దాకా ఉన్నాయి. కడవ ఇట్టే మునిగింది. ఊట కోసం కూర్చుని ఎదురుచూసే పని తప్పిందని నాకు ఎంత సంతోషమో. మా నాన్న కూడా ఆ రోజు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

మరి కొన్నాళ్ళకు పక్కింటి అక్క మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. తన దొరువు నీళ్ళు నోట పెట్టుకోవడానికి లేకుండా ఉప్పెక్కాయంది. ఆమె గొంతులో అంత చిన్న మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మా నాన్న నులకమంచం మీద నుంచి లేచి చాలా మర్యాదగా మాట్లాడాడు. "సముద్రం వైపు కదమ్మా, ఎండాకాలం అంతే. నువ్వేం బెంగపడకు. తాగడానికి మా నీళ్ళు రోజూ ఒక బిందె పంపిస్తాను" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "మీరున్నారు, చాలు బాబాయ్" అంది.

ఆ బిందె మోసే పని నాది. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆమె నా చేతిలో బెల్లంముక్క పెట్టేది. మీ నాన్నలాంటి మనిషి చల్లగా ఉండాలి అనేది. నేను ఆ బెల్లం చప్పరించుకుంటూ, మా నాన్న ఎంత మంచివాడో అనుకుంటూ వచ్చేదాన్ని. ఆమె మడిలో ఆకుల అంచులు మాడినట్టు ఎర్రబడుతుంటే చూశాను. మా మడి పచ్చగా ఉండటం కూడా చూశాను. ఆ రెంటినీ కలిపి ఆలోచించే వయసు కాదు నాది. కలిపి ఆలోచించింది మా నాయనమ్మ. ఆవిడ ఒకరోజు నీళ్ళ కోసం వెళ్ళి, ఆ తాటిమొద్దు మీద చాలాసేపు నిలబడి, ఖాళీ కడవతో తిరిగొచ్చింది. 

పూడిక తీసే రోజు వచ్చింది. తెల్లవారుతూనే మగవాళ్ళంతా పారలతో బయల్దేరారు. తన ఇంటికి తనే మనిషి కాబట్టి పక్కింటి అక్క కూడా తట్ట పట్టుకుని వెళ్ళింది. తన దొరువు ఎందుకూ పనికిరాకుండా ఉన్నా అందరి దొరువుల ఇసుకా మోసింది. మా వాకిట్లో పొయ్యిలు వెలిగాయి. అన్నం, పప్పు, పెద్ద గుండిగలో చారు. మా నాయనమ్మ నన్ను పిలిచి, పక్కింటి అక్క దొరువు నుంచి చిన్న చెంబుతో నీళ్ళు తెమ్మంది.

"అవి ఉప్పు నీళ్ళు కదే నాయనమ్మా?"

"తెలుసు. తే. ఎవరికీ చెప్పకు."

ఆ నీళ్ళతో ఆవిడ ఒక మూలన చిన్న గిన్నెలో విడిగా చారు పెట్టింది. చింతపండు పిసికింది, మిరియాలు నూరి వేసింది, పోపు పెట్టింది. ఉప్పు కుండ మూత మాత్రం తియ్యలేదు. మర్చిపోయిందనుకుని నేను చెప్పబోతే కళ్ళతోనే ఊరుకోమంది.

అన్నాల వేళకు అందరూ వచ్చి పందిట్లో కూర్చున్నారు. వడ్డించేది మా నాన్న కాబట్టి ముందుగా రుచి చూడమని మా నాయనమ్మ ఆయన్ని పొయ్యి దగ్గరకు పిలిచి, చిన్న గిన్నెలోది అరచేతిలో పోసింది. ఆయన చప్పరించాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా. ఓ పిసరు ఎక్కువే పడింది."

"నేను వెయ్యలేదురా."

మా నాన్న నవ్వాడు. "మరెవరు వేశారు?"

"నువ్వే."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మా నాయనమ్మ గొంతు పెంచలేదు. "అవి ఆ పిల్ల దొరువు నీళ్ళు. చిన్నది తెచ్చింది. పోయి అందరికీ వడ్డించు, ఆకలి మీదున్నారు. వీళ్ళకి పెట్టేది మంచినీళ్ళ చారేలే" అని గుండిగ వైపు చూపించింది. మా నాన్న నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను ఎందుకు తల దించుకున్నానో నాకు తెలియదు. తప్పు చేసింది నేను కాదు. కానీ ఆ క్షణంలోనే నా నోట్లో ఇన్నాళ్ళ బెల్లమంతా ఒక్కసారి తిరిగొచ్చినట్టయింది.

ఆయన గరిటె పట్టుకుని పందిట్లోకి వెళ్ళాడు. వరసగా వడ్డిస్తూ పక్కింటి అక్క విస్తరి దగ్గరకు వచ్చాడు. ఆమె ఇసుక కొట్టుకుపోయిన చేతులతో అన్నం కలుపుతూ, "బాబాయ్ చేతి వడ్డన, ఇంకో గరిటె పోయండి" అంది. ఆయన పోశాడు. తర్వాత గరిటె నా చేతికిచ్చి, తను విస్తరి వేసుకోకుండానే, గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక వరసలో తర్వాతది మా దొరువే. అందరూ పారలు భుజాన వేసుకుని అక్కడికి వెళ్ళేసరికి మా నాన్న గట్టు మీది ఇసుకను లోపలికి తోస్తున్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ముందు నడుస్తున్న మా పెదనాన్న ఆగిపోయాడు.

"ఏరా, మతిగానీ పోయిందా? పొద్దుట్నుంచి మేము ఇసుక పైకి మోస్తుంటే నువ్వు లోపలికి పోస్తున్నావేంటి?"

"ఎండదెబ్బండీ, మజ్జిగ పట్టించండి" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

మా నాన్న పని ఆపకుండానే, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. "లోతు తీశానన్నయ్యా. ఎవరికీ చెప్పకుండా తీశాను. అవతల ఆ అమ్మాయిది అందుకే ఉప్పెక్కింది."

నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఆమె వైపు తిరగలేదు గానీ అందరూ ఆమె మాట కోసమే చూస్తున్నారు. ఆమె చేతిలోని తట్ట కింద పెట్టింది. "మరి నేను పొద్దున లేస్తూనే మీ ఇంటి వైపు దండం పెట్టుకుంటున్నానే బాబాయ్" అంది. కోపంగా కూడా అనలేదు. తిట్టి ఉంటే మా నాన్న బతికిపోయేవాడు. ఆమె వంగి తట్టలోకి ఇసుక ఎత్తుకుని, వచ్చి మా దొరువులో పోసింది. ఆమె వెనకే మా పెదనాన్న, ఆయన వెనక మిగతావాళ్ళు. ఇసుక తియ్యడానికి వచ్చిన ఊరంతా ఆ సాయంత్రం మా గోతిని నీళ్ళు మోకాలి లోతుకు వచ్చేదాకా పూడ్చింది.

ఆ మర్నాటి నుంచి మా నాన్న ఊరి లోపలి దొరువు నుంచి కావడి మోసి, ముందు ఆమె మడికి పోసి ఆ తర్వాతే మా మడికి పోసేవాడు. మా కొత్త మడిని ఎండబెట్టేశాడు. కానీ వేరులో దిగిన ఉప్పు పై నుంచి పోస్తే పోయేది కాదు. ఆమె కనకాంబరాలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. వానలు పడకముందే అన్నల బండి వచ్చింది. ఆమె ఇంటికి తాళం వేసి ఆ తాళంచెవిని పెద్దన్న చేతిలో పెట్టడం నేను మా వాకిలి నుంచి చూశాను. వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనికి కుదిరిందని విన్నాం. ఒకసారి చూడటానికి వచ్చింది. గింజలు కొట్టీ కొట్టీ, ఆ జీడి అంటుకుని వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే నాకు ఒక పొట్లం ఇచ్చింది, ముక్కపప్పు. నేను వద్దనలేకపోయాను, తినలేకపోయాను.

ఆ వానాకాలం ఆమె దొరువు మళ్ళీ తియ్యనైంది. తోడుకునే మనిషి లేదు. అయినా మా నాన్న బతికినన్నాళ్ళూ ఏటా ముందు ఆ దొరువు పూడిక తీసిన తర్వాతే మిగతావాటి మీద చెయ్యి వేసేవాడు. ఆయన తెలిసే చేశాడా, తెలియక చేశాడా అని ఈ వయసులో కూడా నన్ను నేను అడుగుతూనే ఉంటాను. తెలుసుకోవాలనుకోలేదు, అంతే అనిపిస్తుంది. అలా తెలుసుకోకుండా ఉండటం ఎంత తేలికో నాకు తెలుసు.

నన్ను మా ఊళ్ళోనే ఇచ్చి పెళ్ళి చేశారు కాబట్టి ఇప్పటికీ ఆ ఇసుకలోనే ఉన్నాను. దొరువులు చాలావరకు పోయాయి, ఇంటింటికీ బోర్లు వచ్చాయి. ఈమధ్య బాపట్ల నుంచి చదువుకునే పిల్లలు, మా రైతులు కొందరు కలిసి ఆదివారాలు మిగిలిన దొరువుల పూడిక తీస్తున్నారు, గట్ల మీద సరుగుడు మొక్కలు నాటుతున్నారు. నేను వెళ్ళి ఓపికున్నంత ఇసుక ఎత్తుతాను. మొన్న ఆ పిల్లలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పాతకాలం వాళ్ళు నీళ్ళను ఎంత పదిలంగా చూసుకునేవారో చెప్పమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.  నేను లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఆ రోజు చెప్పలేనిది ఇలా మెల్లగా రాస్తున్నాను.

మా ఇంట్లో కూడా బోరు ఉంది. మీట నొక్కితే డాబా మీది ట్యాంకు నిండుతుంది, తోటకు కూడా పారుతుంది. మా పిల్లలు కష్టపడి వేయించుకున్నది, వద్దనడానికి నేనెవరిని. కానీ వేసవిలో మోటారు ఎక్కువసేపు తిరిగిన రోజున నాకు ఇంట్లో కాలు నిలవదు. చెప్పులేసుకుని సముద్రం వైపు ఉన్న ఇంటికి వెళ్తాను. ఆ ఇంటి కోడలు కుర్చీ వేసి టీ పెడతానంటుంది. టీ వద్దమ్మా, మీ పంపు నీళ్ళు ఒక గ్లాసు ఇవ్వు అంటాను. ఇంట్లో డబ్బా నీళ్ళు ఉన్నాయి కదండీ మామ్మగారూ, అవి ఇస్తానంటే ఒప్పుకోను. "మీకెప్పుడూ దాహమేనండీ" అని నవ్వుకుంటూ ఆ పిల్ల గ్లాసు తెచ్చి ఇస్తుంది.

నేను అక్కడే నిలబడి, ఒక్కొక్క గుక్కే నాలుక మీద ఆపుకుంటూ, ఆ గ్లాసు మొత్తం తాగుతాను.